ముందు మ్యాగజైన్, తర్వాతే స్లైడ్

(నెల్లూరులో లైసెన్సు ఆయుధాలు ఉన్నవారికీ, కాపలా గార్డులకూ ఒక రిటైర్డ్ పోలీసు ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసే ఉద్యోగి) చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తుపాకుల మీటింగు అంటే చాలు, అందరికీ వెనక వరసే కావాలి. ఈ బల్ల మీద ఉన్నవాటిలో తూటాలు లేవు. నేను చూశాను. కానీ నేను చూశానని చెప్తే మీరు నమ్మకండి. అన్నా, గళ్ల చొక్కా అన్నా, ఒకసారి ఇట్టా రా. దీని లోపలికి చూడు. చూశావా? ఇప్పుడు చిటికెన వేలు పెట్టి తడిమి చూడు. ఏమన్నా తగిలిందా? లేదు కదా. ఆఁ, ఇప్పుడు మొదలుపెడదాం.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఆర్మరర్ పని చేశాను. అంటే కాల్చేవాళ్లు కాల్చి వెళ్లిపోతారు, మసి నాకు మిగులుతుంది. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అదే ఆయుధాల గదిలో, నూనె వాసన మధ్య నా సర్వీసంతా గడిచిపోయింది. ఇంటికెళితే మా ఆవిడ చొక్కా విడిచి బయట పెట్టమనేది. ఇన్నేళ్లలో ఎన్ని పిస్టళ్లు విప్పానో, ఎన్ని బిగించానో నాకే లెక్క లేదు. అందుకని ఈ రోజు నన్ను తుపాకీ శుభ్రం చేయడం గురించి చెప్పమన్నారు. చెప్తాను. కానీ ఒక మాట. తుపాకీ తుడవడం పెద్ద విద్యేమీ కాదు. పాత పళ్ల బ్రష్షు, గుడ్డ ముక్క, నాలుగు చుక్కల నూనె, అంతే. మరి ఇంతసేపు ఏం చెప్తాడు ఈయన అంటారా? వరుస చెప్తాను. ఏది ముందు, ఏది తర్వాత. ప్రమాదమంతా ఆ వరుసలోనే ఉంది.

పేరు చెప్పను, ఊరు చెప్పను. ఒకచోట ఒక కుర్రాడు డ్యూటీ దిగి పిస్టల్ శుభ్రం చేద్దామని కూర్చున్నాడు. మంచి కుర్రాడే, బద్ధకం లేనివాడు. బద్ధకస్తుడైతే అసలు శుభ్రమే చేయడు, ప్రమాదమే లేదు! ఏం చేశాడు? స్లైడ్, అదే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జారే భాగం, వెనక్కి లాగాడు. లోపలున్న తూటా టక్కున ఎగిరి బయటపడింది. పట్టుకున్నాడు, జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత మ్యాగజైన్, అదే పిడిలో తూటాలుండే డబ్బా, తీశాడు. తూటా బయటికొచ్చింది, మ్యాగజైనూ బయటికొచ్చింది, ఇంకేముంది, ఖాళీ. ట్రిగ్గర్ నొక్కాడు.

పేలింది. గోడకున్న క్యాలెండర్లోంచి దూసుకుపోయింది. దేవుడి దయ, ఎవరికీ తగల్లేదు. నేను వెళ్లి చూసేసరికి వాడు బల్ల పక్కన కింద కూర్చుని ఉన్నాడు. చెవులు గింగుర్లెత్తి మనం అడిగేది వినపడటం లేదు. ఒకటే మాట అంటున్నాడు. ఖాళీ చేశాను సార్, నేను ఖాళీ చేశాను సార్. జేబులోంచి ఆ తూటా తీసి నాకు చూపిస్తున్నాడు. వాడు అబద్ధం చెప్పాడా? చెప్పలేదు. ఒకటి తీసిన మాట నిజమే.

మరి రెండోది ఎక్కడిది? ఇక్కడ చూడండి. ఈ స్లైడ్ వెనక్కి వచ్చేటప్పుడు ఛాంబర్లో, అదే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, ఉన్నదాన్ని పీకి బయట పారేస్తుంది. ముందుకు వెళ్లేటప్పుడు ఏం చేస్తుంది? మ్యాగజైన్లో పైనున్న తూటాని తోసుకుంటూ పోయి ఛాంబర్లో పెడుతుంది. దాని పనే అది, అందుకే దాన్ని కనిపెట్టారు. మ్యాగజైన్ లోపల ఉండగా స్లైడ్ లాగితే మనం ఒకటి తీశాం, అది ఇంకోటి పెట్టుకుంది. మనం తీసింది కంటికి కనపడింది. అది పెట్టుకుంది కనపడలేదు.

అందుకని ముందు మ్యాగజైన్, తర్వాతే స్లైడ్. ఏమిటి? ముందు మ్యాగజైన్. గార్డు తమ్ముళ్లూ, గట్టిగా చెప్పండి. తర్వాతే స్లైడ్. లాగి, వెనకనే నిలబెట్టి, కన్నుతో చూసి, వేలితో తడమాలి. వేలు ఎందుకంటే, కరెంటు పోయిన గదిలో కన్ను మోసం చేస్తుంది. నలభై దాటిన కన్ను పట్టపగలే మోసం చేస్తుంది. వేలు చేయదు.

ఇంకొకటి. ఖాళీ చేసేటప్పుడు గొట్టం ఎటు చూస్తోంది? మనుషులున్న వైపు, పక్క గది వైపు ఉండకూడదు. టైల్స్ నేల వైపు కూడా వద్దు, తగిలి ఎటు ఎగురుతుందో తెలియదు. ఇంట్లో అయితే ఒక బకెట్ నిండా ఇసుక పోసి ఒక మూల పెట్టుకోండి. పెన్నా పక్కన ఉండి ఇసుక లేదంటే ఎవరన్నా నవ్వుతారు. సరే, ఈ మధ్య ఇసుక దొరకడం కూడా కష్టమేలే.

గ్లాక్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది ఆస్ట్రియావాళ్ల పిస్టల్, 1982లో వాళ్ల సైన్యం తీసుకుంది, తర్వాత ప్రపంచమంతా పాకింది. మన పోలీసుల్లోనూ ఉంది. గ్లాక్ 17 మ్యాగజైన్లో 17 తూటాలు పడతాయి. విప్పడానికి ఇంత తేలికైన పిస్టల్ ఇంకోటి లేదు. కానీ దీన్ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. నొక్కితేనే స్లైడ్ ఊడుతుంది. అర్థమైందా నేనేమంటున్నానో? శుభ్రం చేయడానికే ట్రిగ్గర్ నొక్కాల్సిన పిస్టల్ ఇది. ఛాంబర్ చూడకుండా నొక్కి అరచేతికి తూటా దించుకున్నవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. తప్పు పిస్టల్‌ది కాదు. చూసుకుంటే ఏ గొడవా లేదు.

ఇదిగో, చేసి చూపిస్తాను. మ్యాగజైన్ తీశాను. స్లైడ్ లాగాను, చూశాను, వేలు పెట్టాను. స్లైడ్ ముందుకు వదిలి, ఇసుక బకెట్ వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. టిక్. ఇప్పుడు స్లైడ్‌ని రెండు మూడు మిల్లీమీటర్లు, అంతకన్నా వద్దు, వెనక్కి లాగి, ఇక్కడ రెండు పక్కలా ఉన్న చిన్న మీటని కిందికి లాగి పట్టుకున్నాను. స్లైడ్ ముందుకు జారి ఊడొచ్చింది. స్ప్రింగు తీశాను, బ్యారెల్, అదే గొట్టం, తీశాను. నాలుగు ముక్కలు. ఆగిపోవాలి ఇక్కడ. మన పని అయిపోయింది. అంతకు మించి విప్పడం ఆర్మరర్ పని.

ఇది మగవాళ్లకి నచ్చని మాట. స్క్రూడ్రైవర్ చేతిలో ఉంటే కనపడిన స్క్రూ అంతా విప్పాలనిపిస్తుంది. రివాల్వర్ పక్క ప్లేటు విప్పి, లోపల స్ప్రింగు ఎగిరిపోయి, మూడు రోజులు మంచం కింద వెతికి, చివరికి క్యారీబ్యాగులో ముక్కలన్నీ వేసుకుని నా దగ్గరకొచ్చినవాళ్లు ఉన్నారు. బజారు నుంచి చేపలు తెచ్చినట్టు తెచ్చి బల్ల మీద పోస్తారు. ఏం స్వామీ, ఇది పులుసు పెట్టాలా, వేపుడు చేయాలా అని అడిగేవాణ్ణి.

ఇక ఇక్కడ మీలో చాలామంది దగ్గర ఉండేది కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైన .32 రివాల్వర్. దీనికి మ్యాగజైన్ గొడవ లేదు. మీట నొక్కి, గొట్టాన్ని కిందికి వంచితే మధ్యకి విరిగి తెరుచుకుంటుంది. ఆరు తూటాలూ ఒకేసారి పైకి లేస్తాయి. అరచేయి పట్టి ఉంచండి, లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరోది ఏదీ? మీరు అయిదే వేశారా? గుర్తుందా? గుర్తుండటం కాదు, చూడాలి. ఒక్కోసారి తూటా వెనక అంచు తూటాల్ని పైకి లేపే ఈ నక్షత్రం ఆకారంలో ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ కిందికి జారి అక్కడే ఇరుక్కుంటుంది. కాబట్టి సిలిండర్లో, అదే తూటాలు పెట్టే చక్రంలో, ఉన్న ఆరు గదుల్లోంచీ ఆరు వెలుతుర్లు కనపడాలి. వెలుతురు కనపడని గది ఖాళీ గది కాదు.

ఈ నక్షత్రం దగ్గరే ఇంకో సంగతి ఉంది, దగ్గరికొచ్చి చూడండి. దీని కింద నల్లగా ఆవగింజలో సగం ఉన్న పలుకు కనపడుతోందా? అది కాలకుండా మిగిలిపోయిన మందు పలుకు. ఇది చాలు, సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది. ఒకాయన రివాల్వర్ పాడైపోయింది, కొత్తది కొంటానని వచ్చాడు. ఇట్టాంటి పలుకు ఒకటి పళ్ల బ్రష్షుతో దులిపాను. సిలిండర్ చక్కగా తిరిగింది. ఆయన మొహం చూడాలి మీరు. సంతోషపడ్డాడో, కొత్తది కొనే సాకు పోయిందని బాధపడ్డాడో నాకు ఇప్పటికీ తెలీదు.

సరే, మసి తీయడం. ఒక పాత తెల్ల పంచె పరవండి. తెల్లదే ఎందుకు? చిన్న ముక్క జారిపడితే కనపడాలి. విప్పిన ముక్కల్ని విప్పిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి పెట్టుకుంటూ పోండి. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి రండి. చివర విప్పింది మొదట ఎక్కుతుంది. తూటాలు ఆ బల్ల మీద ఉండకూడదు. ఆ గదిలోనే ఉండకూడదు. తీసుకెళ్లి పక్క గదిలో పెట్టి తాళం వేసి రండి. మధ్యలో ఫోను వస్తే? మాట్లాడండి, తప్పేముంది. కానీ ఫోను పెట్టేసి వచ్చాక ఎక్కడ ఆపారో అక్కణ్ణించి కాదు, మొదటి నుంచి. మళ్లీ మ్యాగజైన్ చూడు, మళ్లీ ఛాంబర్ చూడు.

గొట్టానికి రాడ్ వెనక నుంచి ముందుకు పోవాలి. తూటా ఎటు పోతుందో అటే. ముందు మూతి దగ్గర నుంచి పొడిస్తే రాడ్ రాసుకుని ఆ అంచు అరుగుతుంది. తూటా గొట్టాన్ని చివరగా వదిలేది ఆ అంచు దగ్గరే, అది వంకర పోతే గురి వంకర పోతుంది. బ్రష్షు ఇత్తడి తీగలది వాడండి, ఇత్తడి ఉక్కుకన్నా మెత్తన. బయటికి పూర్తిగా వచ్చాకే వెనక్కి లాగండి, మధ్యలో తిప్పితే తీగలు విరుగుతాయి. తర్వాత చిందీ గుడ్డ. మొదటిది కాటుకలా వస్తుంది, రెండోది బూడిద రంగులో, నాలుగోదో అయిదోదో తెల్లగా వస్తుంది. అప్పుడు వెనక తెల్ల కాగితం ముక్క పెట్టి ముందు నుంచి గొట్టంలోకి చూడండి. విప్పి ఉన్న గొట్టంలోకే, బిగించి ఉన్న పిస్టల్ మూతిలోకి కాదు నాయనా! లోపల గాడులు మెలి తిరిగి పోతూ తళతళమంటాయి. నా సర్వీసు మొత్తంలో నాకు విసుగు పుట్టని దృశ్యం అదొక్కటే.

ఇప్పుడు తుప్పు. ఇది మన ఊరి జబ్బు. రాయలసీమలో తుపాకీ మురికి పడుతుంది, మన దగ్గర తుప్పు పడుతుంది. మైపాడు, కృష్ణపట్నం, అటు ఇస్కపల్లి ఉప్పు కొటారులు, గాలిలోనే ఉప్పు. దాని మీద అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసుర్లు. లైసెన్సు చూస్తే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అయిదేళ్లకి ఇస్తున్నారు. లైసెన్సు అయిదేళ్లు కదా అని పిస్టల్‌ని కూడా అయిదేళ్లకోసారే బయటికి తీస్తే ఎట్టా? కాల్చినా కాల్చకపోయినా నెలకోసారి, ఆ ముసురు నెలల్లో వారానికోసారి తీసి తుడవాలి.

2024 ఎన్నికలప్పుడు కోడ్ రాగానే మీరందరూ ఆయుధాలు డిపాజిట్ చేశారు. ఆ ఎండల్లో, ఆ చెమటల్లో. ఎన్నికలు ముగిసి వెనక్కి వచ్చాక ఒకాయన నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నాది పాడు చేశారయ్యా అని. తీసి చూశాను. నల్లటి ఉక్కు మీద ఎర్రటి బొటనవేలి ముద్ర. ముద్ర అంటే మాటవరసకి కాదు. గీతలు, సుడి, మధ్యలో చిన్న కోత, అన్నీ తుప్పులో అచ్చు పడ్డాయి. నీ బొటనవేలు చూపించు అన్నాను. అదే కోత. డిపాజిట్ చేసే రోజు చెమట చేత్తో పట్టుకుని, తుడవకుండా అట్టాగే ఇచ్చి వచ్చాడు. చెమటలో ఉప్పే కదా. అందుకని ఇచ్చేముందు పలచగా నూనె రాసి, ఆ తర్వాత గుడ్డతో పట్టుకుని ఇవ్వండి.

ఏ నూనె? ఇది ప్రతి చోటా అడుగుతారు. కొబ్బరి నూనె రాసేవాళ్లు చేతులెత్తండి. ఎత్తరు, నాకు తెలుసు. కొబ్బరి నూనె తల నూనె. 24 డిగ్రీలకు అటూ ఇటూగా గడ్డకట్టేస్తుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున మీ ఇంట్లో సీసా చూడండి, తెల్లగా పేరుకుని ఉంటుంది. పిస్టల్ లోపల కూడా అట్టాగే పేరుకుంటుంది. వేరుశనగ, నువ్వుల నూనెలు గాలికి చిక్కబడి బంకైపోతాయి. కిరసనాయిలు మురికిని కోస్తుంది, నిజమే, కానీ ఆరిపోయాక ఉక్కుకి కాపలా ఉండదు. తుపాకీ నూనె దొరికితే మంచిది, దొరక్కపోతే కుట్టుమిషను నూనె. ఎంత? చుక్క. రాశాక గుడ్డతో తుడిచేస్తే వేలికి తడి అంటీ అంటనట్టు ఉండాలి. ఎక్కువ పోస్తే దుమ్ము పట్టుకుంటుంది, నూనె తూటా వెనక నిప్పు రాజేసే చిన్న టోపీలోకి దిగి మందుని చంపేస్తుంది. అవసరానికి నొక్కితే టిక్ అంటుంది, అంతే.

మేం కొత్తగా చేరినప్పుడు త్రీ నాట్ త్రీ రైఫిళ్లకి మరిగే నీళ్లు పోయించేవాళ్లు. ఉక్కులో నీళ్లు పోయడమేంది, పెద్దాయనకి మతి పోయిందా అనుకున్నాం. కారణం తర్వాత తెలిసింది. ఆ కాలపు తూటాల టోపీలో మందు కాలాక ఒక రకం ఉప్పు మిగిలేది. నూనె ఉప్పుని కరిగించదు, నీళ్లే కరిగించాలి. మరిగే నీళ్లయితే గొట్టం వేడెక్కి తనంతట తానే ఆరిపోతుంది. ఇక్కడ జువ్వలదిన్నె నుంచి వచ్చిన తమ్ముడున్నాడు. వేట నుంచి వచ్చి పడవ ఇంజన్ని ముందు మంచినీళ్లతో కడుగుతారా, నూనె రాస్తారా? కడుగుతారు కదా. అదే సంగతి. ఇప్పటి తూటాలకి ఆ బాధ లేదు, మీరెవరూ కెటిల్ పట్టుకుని బయల్దేరకండి.

తోలు హోల్‌స్టర్లో పెట్టి బీరువాలో దాచేవాళ్లకి ఒక మాట. తోలు చెమ్మ పీల్చుకుంటుంది, దాన్ని ఊనబెట్టిన మందుల ఉప్పులు అందులోనే ఉంటాయి. హోల్‌స్టర్ నడుముకి, బీరువాకి కాదు. మెత్తటి పొడిగుడ్డలో చుట్టి, మాత్రల డబ్బాల్లో వస్తాయే ఆ సిలికా జెల్ పొట్లాలు, అవి నాలుగు పక్కన పడేయండి.

బిగించాక పరీక్ష. తూటాలు ఇంకా పక్క గదిలోనే ఉన్నాయి, తొందరపడొద్దు. స్లైడ్ నాలుగుసార్లు లాగి వదలండి. ట్రిగ్గర్ నొక్కితే టిక్ అనాలి. సేఫ్టీ మీట ఉన్నదైతే, అది వేసి నొక్కితే అనకూడదు. ఇక్కడ పోలీసు కుర్రాళ్లు కూడా ఉన్నారు కాబట్టి మన 9 ఎంఎం పిస్టల్ గురించి చెప్పాలి. బ్రౌనింగ్ హైపవర్ నమూనాలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసింది, 13 తూటాలది. ఒకడు రాత్రి తొమ్మిదింటికి మా ఇంటి తలుపు కొట్టాడు. సార్, శుభ్రం చేసి బిగించాను, ట్రిగ్గర్ పని చేయట్లేదు, ఏదో ముక్క తప్పించాను, రేపు ఇన్‌స్పెక్షన్ అని. టెన్షన్‌తో వణుకుతున్నాడు. తీసుకుని ఖాళీ మ్యాగజైన్ ఒకటి దోపి నొక్కాను. టిక్. ఆ పిస్టల్ అంతే, మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పని చేయదు. సేఫ్టీ కోసమే అట్టా పెట్టారు.

కానీ చూడండి దానిలో మెలిక. పరీక్షకి మ్యాగజైన్ కావాలి. కంగారులో చేతికి ఏది దొరుకుతుంది? నడుముకున్న నిండు మ్యాగజైన్. దోపుతాడు, స్లైడ్ లాగుతాడు, నొక్కుతాడు. సేఫ్టీ కోసం పెట్టిన ఏర్పాటే కొంప ముంచుతుంది. ఆ రాత్రి వాడు మా ఇంటికి రాకుండా అక్కడే ఆ పని చేసి ఉంటే? అందుకే ఖాళీ మ్యాగజైన్ ఒకటి విడిగా పెట్టుకుని, దాని అడుగున ఎర్ర పెయింటు చుక్క వేయమన్నాను. ఎర్ర చుక్క ఉన్నదే పరీక్షకి, ఇంకోటి కాదు.

ఏంటమ్మా? ఆఁ, మంచి ప్రశ్న. గార్డు డ్యూటీలో ఉన్న ఈ చెల్లెమ్మ అడుగుతోంది, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఎట్టా అని. వాళ్లు బడికి పోయినప్పుడు చేసుకోమ్మా. తలుపు గడియ పెట్టుకుని. అన్నం తినే బల్ల మీద మాత్రం వద్దు, ఆ మసిలో సీసం ఉంటుంది. తుడిచిన గుడ్డల్ని పిల్లలకు అందేచోట వదలకు. చేతులు సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కున్నాకే పిల్లల్ని ముట్టుకో.

డబుల్ బ్యారెల్ గురించి అడిగేవాళ్లు ఇంకోసారి రండి, దాని కథ వేరే. ఇప్పుడు నలుగురు నలుగురుగా బల్ల దగ్గరికి రండి, మీ చేత్తో ఒకసారి విప్పి బిగించండి. అదుగో, టీ వచ్చింది. గళ్ల చొక్కా అన్నా, గ్లాసు అక్కడ పెట్టు. పొద్దున వేలు పెట్టి చూశావు కదా, కుళాయి అటు మూలన ఉంది.